ఉద్యోగ సందేహాలు, సమాధానాలు: విద్యుత్ కారు యజమానికి ఫోనులో అండగా నిలిచే పని

గత నెల ఈ శీర్షికలో విద్యుత్ వాహనాల సర్వీసు కేంద్రాల్లోని ఉద్యోగాల గురించి ఒక ప్రశ్నకు జవాబిచ్చాను. ఆ తరువాత వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం అదే రంగంలోని మరో పని గురించి ఉన్నాయి. కారు కొన్నవారికి సందేహం వచ్చినప్పుడు, ఛార్జింగ్ దగ్గర ఇబ్బంది పడినప్పుడు, దారిలో బండి ఆగిపోయినప్పుడు ఫోను ఎత్తి సాయం చేసే విభాగం గురించి వాటిలో అడిగారు. ఛార్జింగ్ సంస్థలోనూ, కార్ల సంస్థలోనూ ఈ పని చేసిన అనుభవం నాకు ఉంది కాబట్టి, ఆరు ఉత్తరాలకు ఈసారి కాస్త వివరంగానే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: నేను బీకాం చదివి, మూడేళ్లుగా హైదరాబాద్‌లో ఒక టెలికాం సంస్థ కాల్ సెంటర్‌లో పనిచేస్తున్నాను. విద్యుత్ కార్ల సహాయ విభాగంలోకి మారాలని ఉంది. ఇంజినీరింగ్ చదవనివారిని తీసుకుంటారా? తీసుకున్నా అక్కడ నెగ్గుకురాగలనా? – ఒక పాఠకుడు, హనుమకొండ

తీసుకుంటారు. మొదటి మెట్టు ఉద్యోగాలకు డిగ్రీ ఏదైనా అడ్డు కాదు. తెలుగు, హిందీ, ఇంగ్లీషు మాట్లాడగలిగి, ఫోనులో ఓపికగా వినడం అలవాటైనవారికి అక్కడ చోటు ఉంటుంది. నెగ్గుకురావడం మాత్రం వేరే సంగతి. టెలికాంలో మీకు ఫోను చేసే మనిషి చాలావరకు తన ఇంట్లోనో, ఆఫీసులోనో కూర్చుని ఉంటాడు. ఇక్కడ ఫోను చేసే మనిషి సగం సార్లు రోడ్డు పక్కన నిలబడి ఉంటాడు. పెట్రోలు కారు చెడిపోతే ఏ ఊళ్లోనైనా ఒక మెకానిక్ దొరుకుతాడన్న ధైర్యం ఉంటుంది. ఈ కారు విషయంలో ఆ ధైర్యం ఇంకా మన జనానికి రాలేదు. ఫోనులో మీ గొంతే ఆ క్షణంలో వారికి ఉన్న మెకానిక్.

ఈ పనిలో నైపుణ్యం ఏమిటని అడిగితే, తప్పు ఎక్కడుందో ఐదు నిమిషాల్లో తేల్చగలగడమేనని నేను చెబుతాను. కారు ఛార్జి కావడం లేదన్న ఒక్క ఫిర్యాదు వెనుక నాలుగు చోట్లలో ఏదో ఒకచోట లోపం ఉంటుంది: భవనానికి వచ్చే కరెంటులో, ఛార్జింగ్ యంత్రంలో, ఆ యంత్రాన్ని నడిపించే యాప్‌లో లేదా చెల్లింపులో, కారులో. యజమానికి ఈ నాలుగూ వేరువేరని తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేదు. కానీ వీటికి బాధ్యులు వేరువేరు సంస్థలు కావడంతో, కారు కంపెనీ ఛార్జింగ్ సంస్థను అడగమంటుంది, ఛార్జింగ్ సంస్థ కారును చూపించుకోమంటుంది. ఈ తిప్పట వల్లే మనుషులు విసిగిపోతారు. ఆ తిప్పటను ఆపగలిగిన ఉద్యోగికి విలువ ఉంటుంది, దానికి బీకాం అడ్డు కాదు.

ఒక ఉదాహరణ చెబుతాను. సంక్రాంతి సెలవులు ముగిశాక విజయవాడ నుంచి హైదరాబాద్ వస్తున్న కుటుంబం సూర్యాపేట దగ్గర ఛార్జింగ్‌కు ఆగిందనుకోండి. కారులో 18 శాతం ఉంది. కారులో దూర్చే ఛార్జింగ్ గన్ పెట్టగానే యాప్‌లో ఛార్జింగ్ మొదలైనట్టు చూపించి, రెండు నిమిషాల్లో ఆగిపోయింది. డబ్బు మాత్రం వాలెట్‌లో నుంచి పోయింది. మీరు మొదట అడగవలసింది యంత్రం మీద దీపం ఏ రంగులో ఉందని, దాని మీద ఉన్న ఎర్ర బొత్తాం లోపలికి నొక్కుకుపోయి ఉందా అని. అత్యవసరంగా ఆపడానికి పెట్టిన ఆ బొత్తాన్ని పిల్లలో, దారినపోయేవారో నొక్కిపోవడం చాలా మామూలు. దాన్ని మెల్లగా తిప్పితే బయటకు వస్తుంది. అలా ఒక్క మాటతో ముగిసిపోయే కాల్స్ ఎన్నో ఉంటాయి.

బొత్తాం సరిగ్గానే ఉంటే అప్పుడు మీ తెర మీద యంత్రం పంపిన స్థితిని చూడాలి. ఛార్జింగ్ యంత్రాలు, వాటిని నడిపే సర్వర్లు మాట్లాడుకునే ఉమ్మడి భాషను ఓసీపీపీ అంటారు. అందులో రెండు స్థితుల పేర్లు దాదాపు ఒకేలా ఉంటాయి, కొత్తవారు వాటిని కలిపేసి చదువుతారు. ఒకదానికి అర్థం, యంత్రం కరెంటు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నా కారు తీసుకోవడం లేదని. రెండోదానికి అర్థం, కారు సిద్ధంగా ఉన్నా యంత్రమే ఇవ్వడం లేదని. ఈ తేడా ఒక్కటి తెలిస్తే తప్పు ఎటువైపు ఉందో సగం తేలిపోతుంది. ఛార్జింగ్ ఎందుకు ఆగిందో కారణం కూడా నమోదవుతుంది: కరెంటు పోయిందా, గన్ తీశారా, ఎర్ర బొత్తాం నొక్కారా, సర్వర్ నుంచి ఆదేశం వెళ్లిందా అన్నది అక్కడే కనిపిస్తుంది. ఆ తరువాత అదే యంత్రానికి ఉన్న రెండో గన్ పెట్టి చూడమనాలి. పక్కన మరో కారు ఉంటే దానికి ఈ గన్ పనిచేస్తోందో లేదో అడగాలి. ఇలా ఒక్కొక్కటే తీసివేస్తూ పోవడమే ఈ పని, వైద్యుడు జ్వరానికి కారణం వెతికినట్టు.

లెక్కలు కూడా నేర్చుకోవాలి, కానీ అవి భయపడేంతవి కావు. కిలోవాట్ అవర్ అంటే మన కరెంటు బిల్లులో ఉండే యూనిట్టే. 40 యూనిట్ల బ్యాటరీని 7.2 కిలోవాట్ల గోడ ఛార్జర్‌తో ఖాళీ నుంచి నింపడానికి సుమారు ఆరు గంటలు పడుతుంది. ఇంట్లోని 15 యాంపియర్ల ప్లగ్గు నుంచి గంటకు సుమారు 3 యూనిట్లే వెళతాయి కాబట్టి పదమూడు, పద్నాలుగు గంటలు పడుతుంది. రహదారి మీద ఉండే వేగవంతమైన డీసీ యంత్రాల్లో 80 శాతం దాటాక వేగం తగ్గించమని కారే అడుగుతుంది. అది బ్యాటరీని కాపాడుకునే పద్ధతి, యంత్రం లోపం కాదు. ఈ ఒక్క విషయం ఓపికగా చెప్పలేక ఎన్నో ఫిర్యాదులు తెగేదాకా లాగబడతాయి. అలాగే ఒకసారి నింపితే వస్తుందని పరీక్షలో ధ్రువీకరించిన దూరం, రోడ్డు మీద వచ్చే దూరం ఒకటి కావు. 2020 జనవరిలో వచ్చిన మొదటి నెక్సాన్ ఈవీకి 30.2 యూనిట్ల బ్యాటరీ, ధ్రువపత్రంలో 312 కిలోమీటర్లు. చాలామంది యజమానులకు నిజంగా వచ్చింది 200 కిలోమీటర్ల చుట్టుపక్కలే. దాన్ని మోసమని నమ్ముతూ ఫోను చేసేవారికి, ప్రయోగశాల పరీక్షకూ మన ఏసీకీ, మన వేగానికీ ఉన్న తేడాను వాదించకుండా వివరించడం రావాలి.

నేర్చుకోవడానికి డబ్బు పోయనక్కరలేదు. ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో ఐఐటీ అధ్యాపకులు చెప్పిన విద్యుత్ వాహనాల పాఠాలు ఉచితంగా వినవచ్చు. వాటికంటే ముందు మూడు వేర్వేరు కంపెనీల కార్ల యజమాని పుస్తకాలను తెచ్చుకుని, ఛార్జింగ్ గురించీ, హెచ్చరిక దీపాల గురించీ ఉన్న అధ్యాయాలను రెండేసి సార్లు చదవండి. సెలవు రోజున ఏదైనా ఛార్జింగ్ స్టేషన్‌లో రెండు గంటలు నిలబడి, వచ్చినవారు ఎక్కడ తడబడుతున్నారో గమనించండి. ఇంటర్వ్యూలో మీ టెలికాం అనుభవం కంటే ఆ రెండు గంటల గురించి మీరు చెప్పేదే ఎక్కువ పనిచేస్తుంది.

ప్రశ్న: ఐటీఐ ఎలక్ట్రీషియన్‌ను. ఎనిమిదేళ్లుగా ఇళ్ల వైరింగ్ పనులు చేస్తున్నాను. మా ఊళ్లో ఇద్దరు ముగ్గురు విద్యుత్ కార్లు కొన్నారు, ఛార్జర్ పనిచేయకపోతే నన్నే పిలుస్తున్నారు. ఇందులో నాలాంటివాడికి పద్ధతైన ఉద్యోగం దొరుకుతుందా? – ఒక పాఠకుడు, నంద్యాల

మీ ఉత్తరం చదివినప్పుడు నాకు నిజంగా సంతోషం కలిగింది, ఎందుకంటే ఈ రంగంలో కొరతగా ఉన్నది సరిగ్గా మీలాంటివారే. ఇంట్లో ఛార్జి కావడం లేదని వచ్చే ఫిర్యాదుల్లో చాలా వాటికి మూలం కారులో ఉండదు, ఎర్తింగ్‌లో ఉంటుంది. మన ఇళ్లలో ఎర్తు తీగ లేకపోయినా ఫ్యాను తిరుగుతుంది, టీవీ వస్తుంది, కాబట్టి ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోరు. కారు ఛార్జర్ మాత్రం ఎర్తు సరిగ్గా లేదని తెలియగానే ఎర్ర దీపం వెలిగించి మొరాయిస్తుంది. అదే ఛార్జర్ ఇన్వర్టర్ మీదా, జనరేటర్ మీదా పనిచేయకపోవడానికి కూడా తరచుగా కారణం ఇదే. వేసవిలో మీ సీమలో ఎర్తు గుంత ఎండిపోతే, వానాకాలంలో బాగా పనిచేసిన ఛార్జర్ ఏప్రిల్‌లో ఆగిపోవడం మీరే చూసి ఉంటారు. గుంతలో నీళ్లు పోయించగానే ఛార్జర్ పచ్చ దీపానికి మారడం కొనుగోలుదారుకు మాయలాగా కనిపిస్తుంది. ఆ వెనుకనున్న కారణం మీకు తెలుసు. ఫోను ఎత్తే చాలామందికి తెలియదు.

రెండో సమస్య వేడి. గీజరును అరగంట వాడి ఆపేస్తాం. కారు రాత్రంతా అంత కరెంటునూ ఎడతెగకుండా లాగుతుంది. నాసిరకం 15 యాంపియర్ల సాకెట్టు దాన్ని తట్టుకోలేక నల్లబడుతుంది, కరుగుతుంది. 7.2 కిలోవాట్ల ఛార్జర్ పెట్టేటప్పుడు మీటరు దగ్గర నుంచి విడిగా కనీసం 6 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, దూరం ఎక్కువైతే ఇంకా మందమైనది, దానికి తగిన రక్షణ స్విచ్చులు (ఎంసీబీ, ఆర్‌సీసీబీ) వేయాలనీ, డిస్కంలో మంజూరైన లోడును పెంచుకోవాలనీ యజమానికి ముందే చెప్పగలగాలి.

కార్ల కంపెనీల తరఫున ఇంటి ఛార్జర్లు బిగించే ఏజెన్సీలు ఉన్నాయి. వాటిలో బిగింపు పనితో మొదలుపెట్టి, ఒకటి రెండేళ్లలో ఫోను ద్వారా సాంకేతిక సహాయం ఇచ్చే రెండో స్థాయికి మారడం మీకు సరైన దారి. ప్రభుత్వ ఐటీఐలలో ఎలక్ట్రిక్ వెహికల్ మెకానిక్ అని ప్రత్యేక ట్రేడే వచ్చింది. ఆటోమోటివ్ నైపుణ్యాభివృద్ధి మండలి తక్కువ కాలపు శిక్షణలూ ధ్రువపత్రాలూ ఇస్తుంది. ఇప్పటికే పనిలో ఉన్న మీకు మళ్లీ రెండేళ్ల చదువు అవసరం లేదు, తక్కువ కాలపు ధ్రువపత్రం చాలు.

ఒక హెచ్చరిక మాత్రం చేస్తాను. కారులో నారింజ రంగు తొడుగున్న తీగలు అధిక వోల్టేజీవి. ఇంటి వైరింగ్‌లో ఎంత అనుభవం ఉన్నా, తయారీ సంస్థ ఇచ్చిన ప్రత్యేక శిక్షణ, తగిన చేతి తొడుగులు లేకుండా వాటి జోలికి వెళ్లకండి. ఫోనులో మాట్లాడేటప్పుడు కూడా మీకున్న చొరవ కొద్దీ బోర్డు మూత తీసి చూడమని ఎదుటివారికి ఎప్పుడూ చెప్పకండి. మీ చేతులకు ఉన్న జ్ఞానం వారి చేతులకు ఉండదు.

ప్రశ్న: ఒక ఛార్జింగ్ సంస్థ సహాయ విభాగంలో ఏడాదిగా పనిచేస్తున్నాను. పని ఇష్టమే. కానీ దారిలో ఇరుక్కున్నవారు అరుస్తుంటే నాకు నోట మాట రాదు. కొన్ని రోజులు ఇంటికి వచ్చాక కూడా ఆ గొంతులే వినిపిస్తుంటాయి. మానేద్దామా అని ఆలోచిస్తున్నాను. – ఒక పాఠకురాలు, విశాఖపట్నం

మానేసే ముందు దయచేసి ఇది పూర్తిగా చదవండి. మీకు వచ్చిన స్థితి నాకూ వచ్చింది, అదీ నా తప్పు వల్లే. ఈ పనిలో చేరిన కొత్తలో ఒక రాత్రి పది దాటాక ఒక తల్లి ఫోను చేశారు. కారులో 6 శాతం ఉంది, వెనుక సీట్లో నిద్రపోతున్న పిల్లవాడు ఉన్నాడు. తెర మీద దగ్గరలోని ఒక యంత్రం అందుబాటులో ఉన్నట్టు కనిపించింది, అక్కడికి వెళ్లమన్నాను. ఆమె వెళ్లేసరికి అది ఒక వాణిజ్య సముదాయం సెల్లారులో ఉంది, గేటుకు తాళం వేసి ఉంది. యంత్రం నిజంగానే ఖాళీగా ఉంది. దాని దగ్గరికి దారే లేదు. ఆ రాత్రి ఆమె అన్న మాటల్లో ఒక్కటి కూడా అన్యాయమైనది కాదు. అప్పటి నుంచి ఏ స్టేషన్‌కు పంపేముందైనా అది ఏ ఆవరణలో ఉంది, గేటు ఎన్నింటిదాకా తెరిచి ఉంటుంది, కాపలాదారు ఉన్నాడా, చివరి గంటలో అక్కడ ఎవరైనా ఛార్జి చేసుకున్నారా అన్నది చూడకుండా నేను ఒక్కరినీ పంపలేదు. గత గంటలో ఎవరైనా ఛార్జి చేసుకుని ఉంటే, యంత్రమూ దారీ రెండూ పనిచేస్తున్నాయని అదే రుజువు.

అరిచే మనిషికి సముదాయింపు మాటల కంటే ముందు ఒక లెక్క కావాలి. మళ్లీ సంక్రాంతి రద్దీనే తీసుకోండి. పంతంగి టోల్‌ప్లాజా దగ్గర రెండు గంటలు వరుసలో ఇరుక్కున్న యజమాని, ఏసీ వేసుకుంటే బ్యాటరీ అయిపోతుందన్న భయంతో పిల్లలతో సహా ఉక్కపోతలో కూర్చుని ఫోను చేస్తాడు. ఏసీ గంటకు సుమారు ఒకటి నుంచి ఒకటిన్నర యూనిట్లు తీసుకుంటుంది. 40 యూనిట్ల బ్యాటరీలో రెండు గంటలకు అది ఐదు నుంచి ఎనిమిది శాతం. మెల్లగా కదిలేటప్పుడు మోటారుకు ఖర్చు చాలా తక్కువ. అది చెప్పి, ఇప్పుడు మీకు 30 శాతం ఉంది, ఏసీ వేసుకున్నా తదుపరి స్టేషన్‌కు చేరతారండీ అన్నప్పుడు ఆ గొంతు ఎలా మారుతుందో వినండి. కంగారు పడకండి అని పదిసార్లు చెప్పినా ఆ మార్పు రాదు.

వాడే మాటలూ ముఖ్యమే. ఎస్‌ఓసీ (బ్యాటరీలో ఉన్న ఛార్జి శాతం) ఎంతుందని అడిగితే ఎదుటివారికి తాము తెలియనివారమన్న భావన కలుగుతుంది; తెర మీద ఎంత శాతం చూపిస్తోందండీ అని అడిగితే చాలు. తెలుగువారితో తెలుగులోనే, వారి వయసుకు తగిన మర్యాదతో మాట్లాడండి. ఎవరో వస్తారు, చూస్తాం అన్న మాటలు వద్దు. టోయింగ్ బండి ఎంతసేపటిలో వస్తుందో మీకు తెలిసిన కచ్చితమైన సమయం చెప్పండి, ఆ సమయానికి పది నిమిషాల ముందు మీరే ఫోను చేయండి. తిరిగి ఫోను చేస్తానని చెప్పి చేయకపోవడం కంటే పెద్ద తప్పు ఈ పనిలో లేదు.

కొన్ని కాల్స్‌లో మాత్రం మెత్తదనం కంటే గట్టిదనం కావాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోని అనేక కాలనీలు మునిగినప్పుడు ఇళ్ల ముందున్న వాహనాలు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. అలాంటి సమయంలో, నీరు తీశాక కారును ఒకసారి ఆన్ చేసి చూడమంటారా అని యజమాని అడుగుతాడు. వద్దని ఖండితంగా చెప్పాలి. నీరు చొరబడకుండా ఉండే స్థాయిని చెప్పే ఐపీ67 అన్న ముద్రకు అర్థం ఒక మీటరు లోతులో అరగంట తట్టుకుంటుందనే, రోజులు కాదు. ఆన్ చేయకూడదు, ఛార్జి పెట్టకూడదు, వీలైతే ఇంటికి ఆనుకుని ఉంచకూడదు, నాలుగు చక్రాలూ నేలకు తగలకుండా ఫ్లాట్‌బెడ్ లారీ మీదే తరలించాలి. చక్రాలు తిరిగితే మోటారు కరెంటును పుట్టిస్తుంది కాబట్టి తాడు కట్టి లాగడం ఏ సందర్భంలోనైనా ప్రమాదమే. పొగ, మంట, కాలిన వాసన అన్న మాట వినగానే మిగతా ప్రశ్నలన్నీ ఆపి, మనుషులను దూరం పంపించి 112కు ఫోను చేయించాలి. కారు సంగతి తరువాత.

ఇంటికి వెంట వచ్చే గొంతుల గురించి. అలాంటి కాల్ ముగిశాక ఐదు నిమిషాలు లేచి తిరగడానికి మీ షిఫ్ట్ లీడర్‌ను అనుమతి అడగండి. అది మీ హక్కుగా అడగండి. వారానికోసారి, మీరు మాట్లాడినవారిలో ఒకరికి ఫోను చేసి ఆ రాత్రి క్షేమంగా చేరారా అని అడిగే వీలుందేమో చూడండి. నా విషయంలో మందుగా పనిచేసింది అదే. బూతులు తిట్టేవారి సంగతి వేరు. రెండుసార్లు హెచ్చరించి కాల్ ముగించే నియమం మీ సంస్థలో లేకపోతే దాన్ని రాతపూర్వకంగా కోరండి. ఆ నియమం ఇవ్వని చోట ఉండవద్దనే నా సలహా; కానీ ఆ పని మానవద్దు, ఆ చోటు మారండి.

ప్రశ్న: ఇద్దరు చిన్నపిల్లల తల్లిని. ఇంటి నుంచి చేసే అవకాశం ఈ రంగంలో ఉందా? – ఒక పాఠకురాలు, తెనాలి

ఉంది, అయితే చాటింగ్, ఈమెయిలు, డబ్బు వాపసు విభాగాల్లో ఎక్కువగా ఉంటుంది. వాలెట్‌లో ఇరుక్కున్న డబ్బు, బిల్లులో తేడా, యంత్రానికి తాకించి ఛార్జింగ్ మొదలుపెట్టే ఆర్‌ఎఫ్‌ఐడీ కార్డు పనిచేయకపోవడం వంటి ఫిర్యాదులకు రోడ్డు మీది కాల్స్‌కు ఉన్నంత తొందర ఉండదు. చేరేముందు వారంలో ఎన్ని రాత్రి షిఫ్టులో, కరెంటు లేదా ఇంటర్నెట్ పోతే ఆ గంటలను ఎలా లెక్కిస్తారో కాగితం మీద తీసుకోండి. దారిలో ఇరుక్కున్నవారి కాల్స్ తీసుకునే ఉద్యోగాన్ని మాత్రం ఇంటి నుంచి, పిల్లలు పక్కన ఉండగా చేయడాన్ని నేను ప్రోత్సహించను.

ప్రశ్న: గచ్చిబౌలిలో ఒక అమెరికా ప్రాసెస్‌లో, అంటే అక్కడి వినియోగదారుల కాల్స్ తీసుకునే విభాగంలో, పనిచేస్తున్నాను. అక్కడి ఛార్జింగ్ సంస్థ పని మాకు రాబోతోందని అంటున్నారు. ఏమేం చదువుకోవాలి? – ఒక పాఠకుడు, హైదరాబాద్

మొదట ప్లగ్గులు. మన దేశంలో కార్లకు ఇంటి ఛార్జింగ్‌లో టైప్ 2, వేగవంతమైన ఛార్జింగ్‌లో సీసీఎస్2 దాదాపుగా స్థిరపడిపోయాయి. అమెరికాలో పరిస్థితి మారుతూ ఉంది. జే1772, సీసీఎస్1 అన్నవి అక్కడి పాత ప్లగ్గు పద్ధతులు. టెస్లా తన ప్లగ్గు నమూనాను 2022 నవంబరులో అందరికీ తెరిచింది, 2023లో ఫోర్డ్, జనరల్ మోటార్స్ దానికి మారుతున్నట్టు ప్రకటించాయి, ఆ తరువాత అది జే3400 పేరుతో ప్రమాణమైంది. అందువల్ల ఫోను చేసిన ప్రతివారినీ ఏ కారు, ఏ సంవత్సరానిది, అడాప్టర్ ఉందా అని అడగకుండా ముందుకు వెళ్లకూడదు.

రెండోది ఇంటి కరెంటు. మన ఇంట్లో ఏ సాకెట్టులోనైనా 230 వోల్టులే. అక్కడి మామూలు సాకెట్టులో 120 వోల్టులే ఉంటాయి, దాన్ని లెవెల్ 1 అంటారు. రాత్రంతా పెట్టినా కొద్దిగానే ఎక్కుతుంది. 240 వోల్టులతో చేసేది లెవెల్ 2. మూడోది చలి. మంచు కాలంలో దూరం బాగా తగ్గడం, చల్లబడిన బ్యాటరీ వేగంగా ఛార్జి కాకపోవడం, స్టేషన్‌కు చేరేముందే కారు దాన్ని వేడిచేసుకోవడం గురించి బాగా చదవండి. ఎండల్లో పెరిగిన మనకు ఆ కాల్స్‌ను ఊహించుకోవడమే కష్టం. డిసెంబరు రాత్రి మంచులో చిక్కుకున్న మనిషి చెప్పే మాటలో తొందరను గుర్తించలేకపోతే ప్రాణం మీదికి వస్తుంది. అక్కడి అత్యవసర నంబరు 911కు ఎప్పుడు ఫోను చేయించాలో శిక్షణలో స్పష్టంగా అడిగి తెలుసుకోండి.

ప్రశ్న: మా అమ్మాయి ఈఈఈ చదివింది. విద్యుత్ కార్ల కంపెనీలో కస్టమర్ సపోర్ట్ ఉద్యోగం వచ్చింది. ఎంత చెప్పినా అది కాల్ సెంటర్ ఉద్యోగమే కదా! పైగా ఇలాంటి పనులన్నీ ఇక కంప్యూటర్లే చేస్తాయంటున్నారు. ఐదేళ్ల తరువాత ఆమె పరిస్థితి ఏమిటి? – ఒక తండ్రి, ఒంగోలు

అయ్యా, మీ ఆందోళనను తేలికగా తీసుకోను. మీరన్నదానిలో కొంత నిజం ఉంది. డబ్బు వాపసు ఎప్పుడు వస్తుంది, దగ్గరలో స్టేషన్ ఎక్కడుంది వంటి ప్రశ్నలకు ఇకపై యంత్రమే జవాబు చెబుతుంది, చెప్పాలి కూడా. మనిషి దాకా వచ్చే కాల్స్‌లో, తెర ఒకటి చెబుతుంటే నేల మీద మరొకటి జరుగుతుంటుంది.

కారు పూర్తిగా చచ్చిపోయింది, తలుపు కూడా తెరుచుకోవడం లేదు, యాప్‌లో మాత్రం 70 శాతం ఉందంటారు. పెద్ద బ్యాటరీ కాక, దాదాపు ప్రతి విద్యుత్ కారులోనూ పెట్రోలు కార్లలో ఉన్నట్టే 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఒకటి ఉంటుందనీ, అది దిగిపోతే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా కారు మేల్కోదనీ తెలిసిన మనిషి మాత్రమే ఆ కాల్‌ను టోయింగ్ బండి అవసరం లేకుండా ముగించగలదు. తిరుమల కొండ మీద పూర్తిగా ఛార్జి చేసుకుని దిగుతున్న ఒకాయన, పెడల్ వదిలితే రోజూలాగా కారు నెమ్మదించడం లేదు, బ్రేకులు పోయాయా అని వణుకుతూ ఘాట్ రోడ్డు పక్కన ఆపి ఫోను చేశాడనుకోండి. నిండిన బ్యాటరీలో కొత్త కరెంటుకు చోటు ఉండదు కాబట్టి మోటారుతో నెమ్మదించే పద్ధతి ఆ సమయంలో తగ్గిపోతుందని చెప్పాలి. అలా చెబుతూనే, మామూలు బ్రేకు పెడల్‌ను నొక్కి చూడమని కూడా అడిగి, అది సరిగ్గా ఉందని నిర్ధారించుకున్నాకే దిగమనాలి. ఈఈఈ చదివిన మీ అమ్మాయికి ఈ కారణాలు పుస్తకంలో తెలిసినవే. వాటిని భయపడుతున్న మనిషికి అర్థమయ్యే మాటల్లో చెప్పడం ఆమె ఇక్కడ నేర్చుకుంటుంది. రెండూ ఉన్నవారు చాలా తక్కువ.

ఇక ఐదేళ్ల తరువాత అంటే, వందల యంత్రాల స్థితిని ఒకచోట నుంచి గమనించే నియంత్రణ గదిలో, కొత్తవారికి శిక్షణ ఇచ్చే చోట, ఐటీ ఉద్యోగులను తరలించే విద్యుత్ క్యాబ్‌ల నిర్వహణలో ఆమెకు దారులున్నాయి. నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద దారి బ్యాటరీ వారంటీలది. మన దేశంలో చాలా కంపెనీలు బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇచ్చాయి. 2020లో అమ్ముడైన కార్లకు ఆ గడువు 2028లో ముగుస్తుంది. గడువు దగ్గరపడే కొద్దీ నా బ్యాటరీ ఆరోగ్యం ఎంత, మార్చి ఇస్తారా ఇవ్వరా అన్న ప్రశ్నలు వెల్లువెత్తుతాయి. సాంకేతిక వివరాలను చదివి, యజమానికీ కంపెనీకీ మధ్య నిజాయితీగా తేల్చగలిగేవారు అప్పుడు కావాలి. రోడ్డు మీద కార్లు తగ్గే సూచన కూడా లేదు. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుములను 2026 డిసెంబరు 31 దాకా పూర్తిగా మినహాయించింది. కేంద్రం 2024 అక్టోబరులో మొదలుపెట్టిన పీఎం ఈ-డ్రైవ్ పథకంలో 2,000 కోట్ల రూపాయలు ఒక్క ఛార్జింగ్ స్టేషన్లకే కేటాయించారు.

అయితే అన్ని సంస్థలూ ఒకలా ఉండవు. చేరేముందు మీ అమ్మాయిని మూడు విషయాలు అడగమనండి. శిక్షణలో కారును స్వయంగా నడిపించి, గన్ పెట్టించి, ఛార్జి చేయిస్తారా? ఫోను ఎత్తే ఉద్యోగికి యంత్రం పంపిన లాగ్ (జరిగినవాటి నమోదు) కనిపిస్తుందా, లేక తెర మీద రాసి ఉన్న జవాబును చదవడమేనా? ఫిర్యాదు ముగిసిందని నిర్ణయించేది గడియారమా, కారు యజమానా? వీటిలో రెండింటికైనా సరైన జవాబు వస్తే చేరమనండి.